గొంతు తగ్గించిన వాద్యాలు: 'మల్లీశ్వరి'లో సాలూరి పనితనం

1948లో వచ్చిన జెమినీ వారి 'చంద్రలేఖ' అనగానే ఇప్పటికీ అందరికీ గుర్తొచ్చేది డోళ్ల మీద నాట్యం. మనిషి కంటే ఎత్తయిన డోళ్లు వరసలు వరసలుగా నిలబెట్టి, వాటి మీద వందల మందిని ఆడించి, చివరికి ఆ డోళ్లలోంచే సైనికుల్ని బయటికి దూకించారు జెమినీ అధిపతి వాసన్ గారు. సంగీతం కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. ఆ సినిమా నేపథ్య సంగీతంలో ఎం.డి. పార్థసారథి లాంటి వాళ్ల చెయ్యీ ఉంది గానీ, సంగీత దర్శకుడు సాలూరి రాజేశ్వరరావు. మూడేళ్ల తరవాత, 1951 డిసెంబరు 20న, వాహినీ వారి 'మల్లీశ్వరి' విడుదలైంది. దానికీ ఆయనే. రెండింటినీ ఒకదాని వెంట ఒకటి వింటే ఈ రెండూ ఒకే మనిషి చేశాడా అనిపిస్తుంది. మొదటిదాంట్లో వాద్యాలు తెర చింపుకుని వచ్చేలా ఉంటాయి. రెండోదాంట్లో అంతే నైపుణ్యం ఉన్న బృందం పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టు వాయిస్తుంది.

ఇప్పటి ఇండీ బ్యాండ్ల లోకంలో ఒక మాట తరచూ వినిపిస్తుంది, మొదటి ఆల్బం కంటే రెండోదే కష్టమని. మొదటిది ఇంట్లో కూర్చుని, రెండు గిటార్లతో, చేతిలో డబ్బుల్లేక చేస్తారు. అది నాలుగు చోట్ల వినబడ్డాక రెండోదానికి డబ్బులొస్తాయి, పెద్ద స్టూడియో వస్తుంది, ఇరవై వయొలిన్లు వస్తాయి. ఆ వయొలిన్ల కింద పాట నలిగిపోవడం చాలామంది విషయంలో జరిగేదే. ఆ లెక్కన చూస్తే 'మల్లీశ్వరి'ని రాజేశ్వరరావు గారి రెండో ఆల్బం అనాలి. ఆల్బం అన్న మాట మనకింకా తెలియని కాలం, అది వేరే సంగతి. ఆయన మొదటి ఆల్బం సినిమాది కానే కాదు.

విజయనగరం నుంచి ఒడిశా వైపు పోయే దారిలో, వేగావతి ఒడ్డున సాలూరు ఉంది. ఈ కాలం వాళ్లకది లారీల ఊరు. మొన్న 2022 దాకా విజయనగరం జిల్లాలో ఉండేది, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి పోయింది. దాని పక్కన శివరామపురంలో 1922 అక్టోబరు 11న రాజేశ్వరరావు పుట్టారు. తండ్రి సన్యాసిరాజు గారు మృదంగ విద్వాంసులు, ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్‌కి పక్కన కూర్చుని వాయించినవారు, పాటలూ రాసేవారు. అంటే పిల్లవాడి చెవిలో మొదట పడ్డ సంగీతంలో ద్వారం వారి కమాను ఉంది. నాయుడు గారు కమానుని బారుగా లాగేవారు. స్వరం తెగకుండా, ఊపిరి అందుకున్న గొంతులా సాగేది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ముందు ముందు పనికొస్తుంది.

అసలు ఆ చుట్టుపక్కల నేల మీద అప్పట్లో ఏదో ఉంది. 1919లో విజయనగరం మహారాజా వారు సంగీత కళాశాల పెట్టారు, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులు. చేరడానికి వచ్చిన ద్వారం వారిని విద్యార్థిగా కాదు, అధ్యాపకుడిగానే తీసుకున్నారని అందరికీ తెలిసిన కథే. సాలూరులో పట్రాయని నరసింహశాస్త్రి గారు 'పెద గురువు', ఆయన కొడుకు సీతారామశాస్త్రి గారు 'చిన గురువు'. ఈ చిన గురువు గారి దగ్గరే కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఒక పేద కుర్రాడు విజయనగరంలో మధుకరం ఎత్తుకుని తింటూ పాట నేర్చుకున్నాడు. ఆ కుర్రాడు ఘంటసాల వెంకటేశ్వరరావు. ఆయనా 1922లోనే పుట్టారు, డిసెంబరులో. 'మల్లీశ్వరి'లో కథానాయకుడు నాగరాజుకి పాడిన గొంతూ, ఆ గొంతుకి వరస కట్టిన చెయ్యీ రెండూ ఒకే గూటివి. హంపీ విజయనగరం కథకి మన విజయనగరం పాట పాడిందన్నమాట. పేర్లు అలా కలవడం కాకతాళీయమే అయినా మా వైపు వాళ్లం దాన్ని ఊరికే వదులుకోం.

రాజేశ్వరరావు చిన్నప్పుడే మద్రాసు వెళ్లి 1935లో 'శ్రీకృష్ణ లీలలు'లో కృష్ణుడి వేషం వేశారు. తరవాత కలకత్తా. అక్కడ న్యూ థియేటర్స్ వారి ఆర్.సి. బోరాల్, పంకజ్ మల్లిక్‌ల పనితీరుని దగ్గరనుంచి చూశారు, సైగల్ పాటని నేరుగా విన్నారు. కచేరీ గొంతుని మైకు ముందు ఎలా దించాలో దేశానికి నేర్పింది ఆ కలకత్తా వాళ్లే. అరవక్కర్లేదు, మైకు వింటుంది. ఆ పాఠం పట్టుకుని వచ్చి ఆయన చేసినవే ప్రైవేటు రికార్డులు. రావు బాలసరస్వతీదేవితో కలిసీ, ఒంటరిగానూ పాడినవి: 'కోపమేల రాధా', 'తుమ్మెదా ఒకసారి', 'పాట పాడుమా కృష్ణా', 'చల్లగాలిలో'. సినిమా లేదు, నాటకం లేదు, కథ లేదు. గ్రామఫోను పెట్టె ఉన్నవాళ్లు డబ్బులిచ్చి కొనుక్కుని వినే పాట, అంతే. ఇప్పటి భాషలో ఇండీ అంటే ఇదే. తెలుగులో లలిత సంగీతం అనే దారి పడడంలో ఆ రికార్డులది పెద్ద వాటా.

ఆ రికార్డుల గురించి ఒక సాంకేతిక విషయం చెప్పాలి. 78 వేగంతో తిరిగే రికార్డు ఒక వైపున మూడు నిమిషాలకి అటూ ఇటూగా పడుతుంది. కచేరీలో విద్వాంసుడు రాగం మొదలెట్టి దాని గుమ్మంలోకి రావడానికి పట్టే సమయం అది. ఆ కొద్దిలోనే రాగం రంగు చూపించాలి, పల్లవి నాటాలి, చరణాలు పాడాలి, ముగించాలి. వయొలిన్‌కో వేణువుకో ఇచ్చే చోటు గట్టిగా పది సెకండ్లు. ఆ పది సెకండ్లలో ఏం మాట్లాడించాలన్నది తేల్చుకోవడం ఆయన ఇరవై ఏళ్లు నిండకముందే అలవాటు చేసుకున్నారు. తరవాత జెమినీలో ఉద్యోగం వచ్చింది, పెద్ద బృందం చేతికి వచ్చింది, 'చంద్రలేఖ' వచ్చింది. ఆ ఉద్యోగకాలాన్ని తక్కువ చెయ్యలేం, పెద్ద బృందాన్ని నడపడం ఆయన నేర్చుకున్నది అక్కడే. కానీ ఆయన సొంత మాట ఆ చిన్న రికార్డుల్లో ఉంది. పెద్ద బృందం చేతిలో ఉండగా ఆ చిన్న మాట మళ్లీ మాట్లాడడమే 'మల్లీశ్వరి'.

ఆ చిన్న మాటకి పదాలు ఇచ్చినవారు దేవులపల్లి కృష్ణశాస్త్రి. యాభై దాటాక ఆయన రాసిన మొదటి సినిమా ఇది. మాటలూ ఆయనవే, పాటలూ ఆయనవే. కృష్ణశాస్త్రి గారి పాటకి వరస కట్టడం తేలికని అనుకుంటారు, పదాలే పాడుకుంటున్నట్టుంటాయి కదా అని. నాకు అదే కష్టమనిపిస్తుంది. ఆ పదాల్లోనే ఒక సంగీతం ఉంది, మీరు తెచ్చి పైన పెట్టే సంగీతం దాన్ని నొక్కేస్తుంది. పరుషాక్షరాలు తక్కువ, లకారాలూ నకారాలూ ఎక్కువ. తాళం దెబ్బ గట్టిగా పడిందా, ఆ మెత్తదనం పోతుంది. బాగా సన్నని బట్ట మీద బరువైన జరీ వేస్తే బట్ట చిరుగుతుంది. దర్శకుడు బి.ఎన్. రెడ్డి గారికి ఈ సంగతి తెలుసని సినిమా చూస్తే అర్థమవుతుంది. పాట వస్తున్నప్పుడు కెమెరా కూడా తొందరపడదు. వాద్యగోష్ఠి కూర్పులో అద్దేపల్లి రామారావు గారి చెయ్యి ఉంది. 'మల్లీశ్వరి' గురించి రాసేవాళ్లు చాలామంది ఆయన పేరుని ఒక వాక్యంలో తోసేస్తారు, అది అన్యాయం. అమెరికాలో నాలుగేళ్ల తరవాత ఫ్రాంక్ సినాత్రా ఒకే దిగులు మీద ఒక రికార్డంతా పాడితే, దానికి వాద్యాలు కూర్చిన నెల్సన్ రిడిల్ పేరు గాయకుడి పేరుతో సమానంగా చెప్పుకుంటారు వాళ్లు. మనకింకా ఆ అలవాటు రాలేదు.

రికార్డింగు పద్ధతి కూడా తలుచుకోవాలి. ఇప్పుడైతే గాయని ఒకరోజు, వయొలిన్లు ఇంకోరోజు, తబలా మూడోరోజు. ఎవరెంత గట్టిగా వినబడాలన్నది చివర్లో ఒకాయన మీటలు తిప్పి తేలుస్తాడు. 1951లో అందరూ ఒకే గదిలో, ఒకేసారి. మైకుకి ఎవరు దగ్గర కూర్చోవాలి, ఎవరు గోడవైపు జరగాలి అన్నదే మిక్సింగు. ఒక్కరు తప్పితే అందరూ మొదటినుంచి. అలాంటి పరిస్థితిలో బృందం మొత్తం గొంతు తగ్గించి వాయించడమంటే, ఒక్కొక్కరికీ పక్కవాడు వినబడాలి, అందరికీ మల్లి వేషం వేసి పాడుతున్న భానుమతి వినబడాలి. ఆ వినడం రికార్డులో తెలుస్తూనే ఉంటుంది.

ఇక పాటల్లోకి. 'మనసున మల్లెల' ముందు. బావామరదళ్లు మల్లీ, నాగరాజూ ఎన్నాళ్లకో మళ్లీ కలుసుకునే రాత్రి. ఆమె రాణివాసంలో ఉంది, అతను శిల్పిగా వచ్చాడు, దొరికితే ప్రమాదం. ఆమె ఎదురుచూస్తోంది. పాట పైకి హాయిగా ఉంటుంది. లోపల మాత్రం, ఈ ఒక్క రాత్రి చేజారితే గుండె తట్టుకోలేదన్న భయం ఉంది, చివరి చరణంలో అది బయటపడుతుంది కూడా. ఇంకెవరైనా అయితే ఆ భయం వచ్చినచోట రాగాన్ని వంచి, ఓ కోమల స్వరం పెట్టి, వయొలిన్లతో ఏడిపించేవారు. రాజేశ్వరరావు గారు కళ్యాణి వదల్లేదు. మంగళకరమైన రాగం, పెళ్లిళ్లలో వాయించే రాగం. దిగులంతా భానుమతి గొంతుకి అప్పగించారు. ఆమె చరణంలో పై స్వరాల దగ్గర ఊపిరి కొంచెం బిగబట్టినట్టు పాడుతుంది, ఆ బిగువులో మొత్తం తెలుస్తుంది. రాగం సంతోషంలో ఉంది, మనిషి భయంలో ఉంది. రెండూ ఒకే స్వరం మీద ఉన్నాయి.

మొదటి చరణంలో ఒక చోట ఆగి వినాలి. కొమ్మ మీద పక్షుల గుసగుసలు, ఆకుల్లో గాలి, కొలనులో అల చప్పుడు, ఎక్కడో దూరాన వేణువు. ఈ నాలుగూ వినబడినప్పుడల్లా అతను వచ్చాడేమో అని ఆమె భ్రమపడుతుంది. సంగీత దర్శకుడికి ఇంతకంటే నోరూరించే చోటు దొరకదు. పక్షులన్నప్పుడు పక్షుల కూత, గాలన్నప్పుడు గాలి, అన్నీ వాయించెయ్యొచ్చు. ఆయనా వాయించారు. ఒక్కో మాట తరవాత వాద్యం చిన్న జవాబిస్తుంది, వేణువు మాట వచ్చాక వేణువు పలుకుతుంది. కానీ ఎంతసేపు? మీరు దాన్ని గుర్తుపట్టేలోపే అయిపోతుంది. ఇప్పుడేదో వినబడిందా అనుకుంటుండగానే ఆమె తరవాతి మాటకి వెళ్లిపోతుంది. ఆ జవాబు ఇంకో రెండు క్షణాలు సాగి ఉంటే అది బొమ్మల పుస్తకం అయ్యేది, చెప్పినదాన్నే మళ్లీ గీసి చూపించినట్టు. ఇక్కడ మల్లి ఎలా మోసపోయిందో మనమూ అలాగే మోసపోతాం. కథలో ఆమె చెవికి జరిగేదాన్ని వినేవాడి చెవికీ జరిగించడం, అదీ పది సెకండ్లు కూడా ఖర్చుపెట్టకుండా! ఈ ఒడుపు 78 రికార్డు చిన్నతనంలో నేర్పిందే.

పల్లవిలో ఇంకో చిన్న పని ఉంది. ఊగడం అన్న క్రియ దగ్గర బాణీ కూడా ఊగుతుంది, దీర్ఘం మీద ఒకసారి పైకి పోయి మళ్లీ మెల్లిగా దిగుతుంది. గమకం ఉంది గానీ కచేరీ గమకం కాదది. భానుమతి గారికి శాస్త్రీయ సంగీతం బాగా వచ్చు, పట్టు పట్టి నాలుగు సంగతులు వెయ్యగల మనిషి. ఆ ఉబలాటం ఇక్కడ ఎక్కడా కనబడదు. తానే వేషం వేసి తన పాట తానే పాడుకోవడంలో ఉన్న లాభం ఇది. పాడుతున్నావిడకి ఈ మాట అంటున్నప్పుడు తన మొహం ఎలా ఉండబోతోందో ముందే తెలుసు.

'ఆకాశవీధిలో' పాట కష్టం వేరే రకం. మేఘుడి చేత కబురు పంపించడం కాళిదాసు నుంచి వచ్చిన ఊహ. అక్కడ యక్షుడు ఒక్కడే పంపుతాడు. ఇక్కడ ఇద్దరూ పంపుతారు, ఆమె ఒకచోట, అతను ఇంకోచోట, ఒకే మబ్బుని బతిమాలుకుంటూ. అంటే ఇది యుగళగీతమే గానీ యుగళగీతంలా ఉండకూడదు. ఒకరి మాట ఇంకొకరికి వినబడదు. ఒకరి పాటకి ఇంకొకరు అందుకున్నట్టు ఉంటే ఎడబాటే పోతుంది. ఇద్దరివీ రెండు వేరే పాటల్లా ఉంటే పాట విడిపోతుంది.

దీనికి ఆయన రాగమాలిక ఎంచుకున్నారు. భీంపలాస్‌తో మొదలై కళంగడ, కీరవాణి మీదుగా హంసానందికి వెళుతుంది. రాగమాలిక మన దగ్గర సాధారణంగా విద్వత్తు చూపించే సరుకు. ఒక రాగం తీసి ఇంకో రాగం చూపించినప్పుడు సభలో తలలు ఊగాలి. ఇక్కడ రాగం మారిందని మామూలు శ్రోతకి తెలియదు. ఎక్కడో ఆకాశం రంగు మారినట్టుంటుంది, అంతే. ఎందుకు తెలియదూ అంటే, మార్చే పని గాయకులకి పెట్టలేదు. చాలావరకు అది మధ్యలో వచ్చే బిట్ల పని. మబ్బు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నడిచే దారి ఆ వాద్యాల చోటే. అక్కడే పాత రాగం స్వరాలు కొన్ని మెల్లిగా జారిపోయి కొత్తవి వచ్చి కూర్చుంటాయి. గాయకుడు నోరు తెరిచేసరికి నేల సిద్ధంగా ఉంటుంది. సినిమా పాటలో వాద్యాలు ఖాళీ పూడ్చడానికి అనుకునేవాళ్లు ఈ ఒక్క పాట కాగితం మీద రాసుకుంటూ వినాలి. ఇక్కడ కథ నడిచేదే ఆ ఖాళీల్లో.

చివరికి హంసానందికి వచ్చి ఆగడం గురించి ఒక మాట. మన సంగీతంలో కదలని స్వరాలు రెండే, షడ్జమం, పంచమం. మిగతావన్నీ ఎక్కువ తక్కువలు అవుతాయి, ఈ రెండూ అవవు. హంసానందిలో పంచమం ఉండదు. అంటే ఆనుకోవడానికి ఉన్న రెండు కర్రల్లో ఒకటి తీసేశారు. పైగా ప్రతిమధ్యమం, దాని పక్కనే ఉండాల్సిన పంచమం వైపు పోబోయి పోలేక నిలబడుతుంది. పాట చివర మల్లి ఆ మబ్బుని అడిగేది ఏమిటంటే, తన కన్నీళ్లని గుండెలో దాచుకుపోయి బావ ముందర వానగా కురవమని. ఆ మాటకి ఆ రాగం. ఈ పాట రాగాల పేర్లు తెలిసినవాళ్లకే అర్థమవుతుందని కాదు నేను అనేది. అవి తెలియని మా అమ్మమ్మల తరం కూడా ఆ చోట పని ఆపి వినేది. పేర్లు తెలిస్తే, అది అలా ఎందుకు పట్టుకుంటుందో తెలుస్తుంది.

ఘంటసాల వంతు మాటలు ఈ పాటలో తక్కువే. ఆయన అదే 1951 మార్చిలో విడుదలైన 'పాతాళ భైరవి'కి సంగీత దర్శకుడు, పాటలన్నీ ఊరూరా మోగుతున్నాయి. డిసెంబరులో వచ్చిన ఇంకొకరి సినిమాలో ఇంకొకరి బాణీకి ఇలా ఒదిగి పాడారు. ముప్ఫై నిండలేదప్పటికి. ఆయన గొంతులో ఉన్న ఖంగుమనే గుణం అందరికీ తెలుసు, పద్యం ఎత్తుకుంటే పందిరి చివరిదాకా వినబడాల్సిందే. ఇక్కడ ఆ గుణాన్ని వెనక్కి లాగిపెట్టారు. నాగరాజు పల్లెటూరి శిల్పి, పెద్దగా మాట్లాడేవాడు కాదు. అతని వంతు వచ్చినప్పుడు పాట కొంచెం మాటలా ఉంటుంది.

అన్నీ ఇలా నెమ్మదిగా సాగుతాయని అనుకోవద్దు. 'పరుగులు తీయాలి' గిత్తల పాట ఉంది. వాన ముంచుకొస్తోంది, బండి తోలాలి. మా వైపు రాత్రిళ్లు తప్పెటగుళ్లు చూసినవాళ్లకి ఆ పాట లయ వెంటనే కాళ్లలోకి వస్తుంది. తప్పెటగుళ్లలోంచి తీసుకున్నారని కాదు, ఆ నేల మీద పెరిగిన మనిషికి అడుగుల్లోంచి తాళం తియ్యడం ఎవరూ నేర్పక్కర్లేదని. ఆ పరుగులో కూడా మాట చెదరదు. అదే వానలో పాడుబడ్డ మంటపం దగ్గర మల్లి ఆడి పాడే 'పిలచిన బిగువటరా' జావళీ పోకడ. మారువేషంలో ఉన్న రాయలూ, ఆయన కవి పెద్దనా చూస్తారు, కథ అక్కడే మెలిక తిరుగుతుంది. ఆ పాటలో ఉన్న కులుకు అమాయకంగా ఉంటుంది, ఎవరూ చూడటం లేదనుకుని పాడుతున్న పాట. తరవాత రాజుగారి సభలో పాడాల్సి వచ్చినప్పుడు ఆ స్వేచ్ఛ ఉండదు. అక్కడికొచ్చే 'ఉషాపరిణయం' యక్షగానం కథకి అవసరమే, చేసిన తీరు శుభ్రంగానే ఉంది, కానీ ఎన్నిసార్లు విన్నా నాకు కొంచెం పొడుగనిపిస్తుంది. దర్బారు అనగానే సంగీతం కూడా దర్బారు బట్టలు కట్టుకుంది. బహుశా సినిమాలో 'చంద్రలేఖ' రోజులు కాస్త గుర్తొచ్చే చోటు అదొక్కటే.

ఆటపాట 'కోతీబావ'ని మాత్రం ఇలా దాటెయ్యలేను. అందరూ దాన్ని నవ్వులాటగా తీసి పక్కన పెడతారు. ఆ ఆట ఎంత తేలిగ్గా ఉంటుందో, తరవాత పాటలన్నీ అంత బరువెక్కుతాయి. ఒక పాటకీ ఇంకో పాటకీ మధ్య వయసు పెరిగిందని వాద్యాల లెక్కలోనే తెలుస్తుంది. ఒకే సినిమాలోని పాటలని ఒకదానితో ఒకటి ఇలా పోల్చి వినగలిగేలా కట్టడం అప్పట్లో మామూలు సంగతి కాదు. ఎక్కువ సినిమాల్లో పాటలు పక్కపక్కన కూర్చున్న అపరిచితులే.

బండిపాటనీ రాణివాసాన్నీ కలిపి ఈ రికార్డుకి ఒక మనసు ఉందనిపించేది దేనివల్లా అని ఆలోచిస్తే, నాకు మళ్లీ ద్వారం వారి కమానే గుర్తొస్తుంది. వయొలిన్లు ఇక్కడ గుంపుగా వచ్చినా కచేరీలో గొంతు వెనక నడిచే వయొలిన్‌లాగే ప్రవర్తిస్తాయి. పాడేవాళ్లు ఊపిరి తీసుకున్నప్పుడు వాళ్ల చివరి స్వరాన్ని పట్టుకుని నిలబెడతాయి, వాళ్లు మళ్లీ అందుకోగానే వదిలేస్తాయి. పాశ్చాత్య పద్ధతిలో వయొలిన్ల గుంపు పని వేరు, కింద శ్రుతుల పరుపు వెయ్యడం, పైన ఉప్పెనలా లేవడం. జెమినీలో ఆయన అదీ చేశారు, ఆ విద్య పూర్తిగా తెలుసు. తెలిసి వాడకపోవడం వేరు, తెలియక వాడకపోవడం వేరు. 'మనసున మల్లెల'లో ఆ వదులుకున్నదాని బరువు వినబడుతుంది.

1953లో ఈ సినిమాని చైనా భాష ఉపశీర్షికలతో అక్కడా చూపించారు. పెకింగులో ఆ పాటలు ఎవరికి ఎలా వినబడ్డాయో! మన దగ్గర మాత్రం ఒక తిప్పలు వచ్చిపడింది. ఇప్పుడు ఫోన్లలో దొరికే 'మల్లీశ్వరి' పాటలు చాలావాటికి ఎవరో ప్రతిధ్వని కలిపారు, స్టీరియో అని పేరు పెట్టి. గుసగుసకి గుడిగంట కట్టినట్టుంది. గీతలు పడ్డ పాత రికార్డు నుంచి తీసిన కాపీ దొరికితే అదే వినండి. గరగరలో కూడా ఆ గదిలో ఎవరు దగ్గరగా ఉన్నారో ఎవరు దూరంగా ఉన్నారో తెలుస్తుంది.

బి.ఎన్. రెడ్డి గారు తరవాత తీసిన 'బంగారు పాప'కి సంగీతం అద్దేపల్లి రామారావు గారిదే. రాజేశ్వరరావు గారు 'విప్రనారాయణ', 'మిస్సమ్మ' మీదుగా చాలా దూరం వెళ్లిపోయారు. మళ్లీ బి.ఎన్. గారితో కలిసింది 1964లో 'పూజాఫలం'లో. అందులో పియానో వచ్చి కూర్చుంది. 'పగలే వెన్నెల' హిందోళం. ఐదు స్వరాల రాగాన్ని పియానో మెట్ల మీద నడిపించారు, గమకం పలకని వాద్యం చేత. రికార్డింగు 'మల్లీశ్వరి' కంటే ఎంతో శుభ్రంగా ఉంటుంది. ఆ పాటని ఇష్టపడేవాళ్లతో నాకు పేచీ లేదు గానీ, రెండింట్లో ఒకటి తీసుకోమంటే ఇప్పటికీ పాతదే తీసుకుంటాను.